ఉన్నదున్నట్టా, వినసొంపా? హనుమకొండ ఇంట్లో స్పీకర్ల తయారీ డైరీ

పని మొదలుపెట్టే ముందు నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక మాట రాసుకున్నాను: "పాడే మనిషి మన గదిలోనే కూర్చున్నట్టు వినపడాలి." ఆ మాటను ఎక్కడెక్కడ దిద్దుకోవాల్సి వచ్చిందో ఈ డైరీలో ఉంది. ఇలాంటి జత కట్టుకోవాలనుకునేవాళ్ళు కొలతలు వాడుకోండి, నేను చేసిన తప్పులు మీరు చేయకండి. ధరలు నేను కొన్ననాటివి.

గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. పైన స్లాబు, కింద టైల్స్, మూలన ఇనుప బీరువా, పక్క గోడకు ఆనించి బాపు (నాన్న) మంచం. వినేవాళ్ళం ముగ్గురం: నేను, బాపు, అమ్మ. ఎక్కువగా వినేవి పాత సినిమా పాటలు, జానపదాలు. వీటితో పాటు ఒక ఒగ్గుకథ క్యాసెట్ ఉంది. 1990లలో ఐనవోలు మల్లన్న జాతరలో బాపు తన టేప్‌రికార్డర్‌తో పట్టింది. ఒక్కో వైపు 30 నిమిషాలు.

దశ 1: పెట్టెలు (ఫిబ్రవరి)

1. 18 మి.మీ. ప్లైవుడ్ ఒక షీటు. పెట్టె బయటి కొలతలు: వెడల్పు 9 అంగుళాలు, ఎత్తు 15, లోతు 11. లోపల సుమారు 16 లీటర్ల చోటు మిగులుతుంది. మిగిలిన ప్లైవుడ్‌తో స్టాండ్లు చేశాను.
2. ఒక్కో పెట్టెకు బేస్ పలికే 6.5 అంగుళాల ఊఫర్ (8 ఓమ్‌లు), పై స్వరాలు పలికే 1 అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్ (6 ఓమ్‌లు).
3. గాలి బయటికి పోయే గొట్టం (పోర్ట్) లేని, పూర్తిగా మూసిన పెట్టె.

గొట్టం పెడితే బేస్ ఇంకా కిందికి దిగుతుంది. కానీ ఇంత చిన్న గదిలో బేస్ తక్కువై ఎవరూ బాధపడరు, గుంయ్‌మనే బేస్‌తోనే బాధ. మూసిన పెట్టెలో బేస్ మెల్లగా తగ్గుతూ పోతుంది, గది ఇచ్చే ఊపుతో బాగా కలుస్తుంది.

ఇక్కడి తప్పు: ఒక పలక కోతలో 2 మి.మీ. తేడా వచ్చింది. "ఏం కాదన్నా, లప్పం పెడితే సరిపోతది" అన్నారు కోసినవాళ్ళు. నేనూ సరేనన్నాను. తీరా ఇంపీడెన్స్ గీత (ఏ స్వరం దగ్గర ఊఫర్ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చూపేది) తీస్తే మొదటి పెట్టెకు 64 హెర్ట్జ్ (సెకనుకు 64 కంపనాలు) దగ్గర కోసుగా శిఖరం వచ్చింది. రెండోదానికి అదే చోట పొట్టిగా, వెడల్పుగా వచ్చింది. అలా వచ్చిందంటే గాలి ఎక్కడో కారుతున్నట్టే. ఎక్కడో కంటికి కనపడలేదు. 25 హెర్ట్జ్ టోన్ పెట్టి, అగరబత్తి వెలిగించి అతుకుల వెంబడి మెల్లగా తిప్పాను. మూడు అతుకుల దగ్గర పొగ తిన్నగా పైకి పోయింది. నాలుగో దాని దగ్గర, కింది మూల నుంచి రెండు అంగుళాల పైన, పొగ వణికి పక్కకు ఎగిరింది. లప్పం ఆరాక ఎండిపోయి పగిలిందక్కడ. గీకేసి ఎమ్‌సీల్ పెట్టాక రెండు శిఖరాలూ ఒకలా వచ్చాయి. కోన్‌ను వేళ్ళతో మెత్తగా లోపలికి నొక్కి వదిలితే మెల్లగా బయటికి రావాలి. గభాలున వస్తే లీకున్నట్టు.

ఖర్చు: ప్లైవుడ్ 3,400, ఊఫర్లు 5,200, ట్వీటర్లు 3,000, కోత కూలి 600, జిగురు, స్క్రూలు, టెర్మినళ్ళు 850. మొత్తం: ₹13,050

దశ 2: ఆంప్లిఫయర్, డీఎస్పీ (మార్చి)

ఊఫర్‌కు ఏ శబ్దం, ట్వీటర్‌కు ఏ శబ్దం పోవాలో విడగొట్టే పనిని కాయిల్స్‌తో కాకుండా ఏడీఏయూ1701 చిప్ ఉన్న డీఎస్పీ బోర్డుతో (శబ్దాన్ని అంకెలుగా మార్చి దిద్దేది) చేశాను. సాఫ్ట్‌వేర్ సిగ్మాస్టూడియో, ఉచితం. టీపీఏ3116 ఆంప్లిఫయర్ బోర్డులు రెండు: ఒకటి ఊఫర్లకు, ఒకటి ట్వీటర్లకు. 24 వోల్టుల పవర్ సప్లై. విడగొట్టింది 2,200 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కు 24 డీబీల (డెసిబెల్‌ల) లింక్‌విట్జ్-రైలీ పద్ధతిలో, అంటే ఆ హద్దు దాటిన శబ్దం రెండు వైపులా నిటారుగా తగ్గిపోతుంది.

డీఎస్పీ దారి ఎందుకు పట్టానంటే, కాయిల్ మార్చాలంటే ప్రతిసారీ డబ్బు కావాలి, డీఎస్పీలో అంకె మారిస్తే చాలు. ఈ ప్రాజెక్టులో ఆ అంకెలు ఎన్నిసార్లు మార్చానో లెక్కే లేదు.

ఇక్కడి తప్పు పెద్దది. ప్రోగ్రాము కంప్యూటర్ నుంచి బోర్డుకు పంపితే పాట చక్కగా వచ్చింది. కానీ దాన్ని బోర్డు మీది మెమరీలో రాయనేలేదు. రాయడానికి అడ్డుగా ఉండే చిన్న జంపర్ తీయలేదు నేను. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. బోర్డు అంతకుముందున్న, శబ్దాన్ని విడగొట్టని ప్రోగ్రాముతో లేచింది. బేస్ మొత్తం ట్వీటర్‌లోకి పోయింది. రెండు సెకన్లలో కమురు వాసన.

తర్వాత చేసినవి:

1. ప్రోగ్రాము మెమరీలో రాసి, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టి, *ట్వీటర్లు తగిలించకుండా* పరీక్షించడం.
2. ట్వీటర్‌కు వరుసలో 33 మైక్రోఫారడ్ కెపాసిటర్. 6 ఓమ్‌లతో కలిస్తే ఇది సుమారు 800 హెర్ట్జ్ కింది శబ్దాన్ని తగ్గించేస్తుంది. డీఎస్పీ తప్పినా ట్వీటర్ బతుకుతుంది.

రెండోది మొదటి రోజే పెట్టాల్సింది. మీరు డీఎస్పీతో చేస్తే ఇది మాత్రం వదలకండి.

ఖర్చు: డీఎస్పీ బోర్డు 2,100, ప్రోగ్రామర్ 1,200, ఆంప్లిఫయర్లు 1,400, పవర్ సప్లై 1,100, 5 వోల్టుల కన్వర్టర్ 120, వైర్లు 480, కొత్త ట్వీటర్ 1,500, కెపాసిటర్లు 280. ఇప్పటిదాకా: ₹21,230

దశ 3: కొలతలు (మార్చి చివర)

కాజీపేటలో ఉండే దోస్తు దగ్గర కొలతలకు వాడే యూమిక్-1 మైక్ అరువు తెచ్చుకున్నాను. గది శబ్దాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితంగా దొరుకుతుంది. ఈ రెండూ ఉంటే చాలు.

గది ఏం చేస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. మన ఎండలకు శబ్దం వేగం సెకనుకు 350 మీటర్లు అనుకుందాం. దాన్ని గది పొడవుకు రెండింతలతో భాగిస్తే 48 హెర్ట్జ్. వెడల్పుతో చేస్తే 57. ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి అదీ 57. రెండు కొలతలు ఒకటే అయితే ఒకే స్వరం రెండు దిక్కులా మోగుతుంది. మైక్ పెడితే అదే వచ్చింది: బాపు మంచం దగ్గర 57 హెర్ట్జ్ చుట్టుపక్కలకంటే 11 డీబీలు ఎక్కువ. ఆ స్వరానికి బీరువా తలుపు కూడా గరగరలాడింది. సైకిల్ ట్యూబు ముక్కలు తలుపు సందులో పెడితే ఆగింది.

నా కుర్చీ దగ్గర కథ వేరు. 48 హెర్ట్జ్ దగ్గర గొయ్యి. కుర్చీ సరిగ్గా గది మధ్యలో ఉంది, పొడవు వెంట మోగే ఆ స్వరానికి మధ్యలో శబ్దమే ఉండదు. డీఎస్పీలో 10 డీబీలు పెంచి పూడ్చాలని చూశాను. గొయ్యి అలాగే ఉంది, ఊఫర్ కోన్ మాత్రం టకటకా కొట్టుకుంది. పెంచింది తీసేసి కుర్చీని 18 అంగుళాలు వెనక్కి జరిపితే 8 డీబీలు లేచింది. పైసా ఖర్చు లేదు. శిఖరాన్ని తగ్గించొచ్చు, గొయ్యిని మాత్రం పెంచి పూడ్చలేం.

ఇంకో సర్దుబాటు: 9 అంగుళాల ముఖం ఉన్న పెట్టెలో సుమారు 500 హెర్ట్జ్ కింది శబ్దం వెనక్కి కూడా పోతుంది, ముందు పలచబడుతుంది. అక్కడ 4 డీబీలు పెంచాను.

ఇక అసలు పొరపాటు. కుర్చీ దగ్గర గీత (ఏ స్వరం ఎంత గట్టిగా వస్తుందో చూపేది) 100 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా దారం పట్టినట్టు సమంగా వచ్చేదాకా దిద్దాను. గీత సమంగా ఉంటే శబ్దం ఉన్నదున్నట్టు వస్తుందన్న నమ్మకం. పాట పెడితే తాళాల శబ్దం సూదిలా ఉంది. బాపు 5 నిమిషాలు విని, "గిది సాఫ్‌గనే ఉన్నది గని చెవులల్ల గుచ్చుతున్నది బిడ్డా, ఇగ బంద్ చెయ్యి" అన్నాడు.

కారణం చదివితే తెలిసింది. మంచి స్పీకరు దగ్గర్నుంచి కొలిస్తే సమంగా ఉంటుంది. అదే స్పీకరు గదిలో, దూరంగా కొలిస్తే పై స్వరాలు మెల్లగా వాలుతాయి, ఎందుకంటే స్పీకరు వాటిని పక్కలకు తక్కువగా పంపుతుంది, గది కూడా వాటిని ఎక్కువ మింగుతుంది. డెన్మార్క్ కొలత పరికరాల సంస్థ బ్రూయెల్ అండ్ కేయర్ 1974లోనే ఇలా వాలిన గీతను చూపించింది. ఆ వాలును నేను బలవంతంగా లేపాను. 500 హెర్ట్జ్ పైన గదిని చూసి దిద్దినవన్నీ తీసేసి, స్పీకరును మీటరు దూరం నుంచి కొలిచి సమం చేశాను. దీన్నే సెట్టింగు 1 అంటాను, ఉన్నదున్నట్టు.

ఖర్చు లేదు. ఇప్పటిదాకా: ₹21,230

దశ 4: గది (ఏప్రిల్)

చప్పట్లు కొడితే గది ట్రింగ్‌మంటోంది. శబ్దం ఆరిపోవడానికి 500 హెర్ట్జ్ దగ్గర 0.9 సెకన్లు. గది మోతను లెక్కకట్టే సాబిన్ సూత్రం ప్రకారం 34 ఘనపు మీటర్ల గదిలో ఇంతసేపు మోగుతోందంటే శబ్దాన్ని మింగే మేర 6 చదరపు మీటర్లే ఉన్నట్టు. 0.55కు దించాలంటే దాదాపు 10 కావాలి. ఇంకో 4 ఎక్కడి నుంచి తేవాలి?

పత్తికి పేరుపడ్డ ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్ళో ఉండి ఫోమ్ ఆన్‌లైన్‌లో కొనడం నాకు నచ్చలేదు. అటక మీద రెండు పాత దూది పరుపులున్నాయి. పరుపుల దుకాణంలో 13 కిలోలు ఏకించాను.

1. 4×2 అడుగుల చెక్క చట్రాలు ఆరు, లోతు 4 అంగుళాలు.
2. వెనక పురికొస వల, దాని మీద ఏకిన దూది. అదమకూడదు, పొంగినట్టు ఉండాలి.
3. ముందు గుడ్డ. గోడకు ఒక అంగుళం సందు వదిలి వేలాడదీయాలి.

తప్పు మూడో మెట్టులో. చూడ్డానికి బాగుంటుందని దగ్గర నేత ఉన్న మందపు సోఫా గుడ్డ వేశాను. పై స్వరాలు దూదిదాకా పోనేలేదు, గుడ్డ మీదే తగిలి తిరిగొచ్చాయి. గుడ్డను పెదాల దగ్గర పెట్టి ఊదితే అవతల చేతికి గాలి తగలాలి. తగలకపోతే ఆ గుడ్డ పనికిరాదు. పలచటి ఖాదీకి మార్చాను. నేలమీద కొత్తవాడ జంపఖానా ఒకటి పరిచాను. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా ఇంట్లో దానికి ఇప్పుడు ఇంకో ఉద్యోగం కూడా దొరికింది.

మళ్ళీ కొలిస్తే 0.57 సెకన్లు. మొత్తం ప్రాజెక్టులో వినికిడికి అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఇదే. స్పీకర్లకు డబ్బు పెట్టే ముందు గదికి పెట్టండి.

ఖర్చు: ఏకినందుకు 520, చెక్క 1,300, ఖాదీ 900, జంపఖానా 1,400, వృథా అయిన గుడ్డ 960. ఇప్పటిదాకా: ₹26,310

దశ 5: చీర తెర పరీక్ష (ఏప్రిల్ చివర)

నోట్‌బుక్‌లో రాసుకున్న మాట నిజమైందో లేదో తేల్చాలి. ఎడిసన్ కంపెనీ 1915 నుంచి కొన్నేళ్ళపాటు ఊరూరా ఇలాంటి పరీక్షే పెట్టేది: వేదిక మీద గాయని, పక్కన ఫోనోగ్రాఫు, ఏది పాడుతోందో జనం కనిపెట్టాలి. నాకు గాయని అమ్మే. "బతుకమ్మ ఇంకా ఆర్నెల్లున్నది, గిప్పుడేం పాట?" అంది కానీ పాడింది.

గది మధ్యలో చీర కట్టాం. తెరకు ఇవతల ఐదుగురు: బాపు, పక్కింటివాళ్ళు నలుగురు. బొమ్మాబొరుసు వేసి, ఒకసారి అమ్మ, ఒకసారి స్పీకరు, 10 సార్లు. మొత్తం 50 జవాబులు. అందరూ గుడ్డిగా చెప్పినా 25 కుదురుతాయి.

మొదటి ప్రయత్నం: అదే గదిలో మీటరు దూరం నుంచి పట్టిన పాట. 50లో 44 సరిగ్గా కనిపెట్టారు. రికార్డింగులో గది మోత ఉంది, వినిపించేటప్పుడు గది మళ్ళీ కలిసింది. అమ్మ రెండు గదుల్లో ఒకేసారి పాడినట్టుంది.

రెండో ప్రయత్నం: రాత్రి 9 తర్వాత డాబా మీద రికార్డు చేశాం. అక్కడ గోడల్లేవు. మొదటిసారి రైలు కూత పడింది, మళ్ళీ పాడించాను. స్టీరియో జతతో వినిపిస్తే 41 సరిగ్గా చెప్పారు. ఒక మనిషి గొంతు రెండు పెట్టెల్లోంచి రావడం దేనికని ఒక్క స్పీకరునే అమ్మ కూర్చున్న ఎత్తులో, ఆమె పక్కనే పెట్టాను. రెండిటి శబ్దం కూర్చున్నచోట 68 డీబీలకు సరిపెట్టాను. అమ్మ గాజులు తీసేసింది. ఈసారి సరిగ్గా చెప్పినవి 31.

ఎలా కనిపెట్టారని అడిగితే పక్కింటి అత్తమ్మ చెప్పింది: "మీ అమ్మ పాట ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంటది." నేను రికార్డింగులో ముందు ఖాళీ కత్తిరించాను, ఊపిరి అందులో పోయింది. అంటే మిగిలిన లోటులో కొంత స్పీకరుది కూడా కాదు.

ఆ రాత్రి నాకు నిజంగా సంతోషమైంది. అయితే ఈ పరీక్ష కుదరడానికి కారణం అసలు గొంతు మా ఇంట్లోనే ఉండడం. ఇప్పటి సినిమా పాటలో గాయకుడు ఒకరోజు పాడతాడు, వాయిద్యాలు ఇంకోరోజు పడతాయి. పాట మొత్తం ఒక్కసారి, ఒక్క చోట జరిగిందే లేదు. అలాంటి పాటకు "ఉన్నదున్నట్టు" అంటే దేన్ని చూసి అనాలి?

దశ 6: డప్పు, మీటరు (మే)

డప్పు కొట్టే దోస్తును డాబా మీదికి పిలిచి మీటరు దూరంలో కొలిచాను. దెబ్బ పడ్డప్పుడు 110 డీబీలు. నా స్పీకరు ఒక వాట్ పవర్‌కు మీటరు దూరంలో 86 డీబీలు ఇస్తుంది. ఇంకో 24 డీబీలు కావాలంటే 250 వాట్లు. నా దగ్గరున్నవి 30, అంటే 101కే ఆగుతుంది. ఊఫర్ కూడా 250 వాట్లు తట్టుకోదు.

వాట్లు ఉన్నా పెట్టగలనా? ఇంట్లో రాత్రి మేం వినే శబ్దం సగటున 70 దగ్గర. ఇంత తక్కువలో చెవి బేస్‌ను సరిగా పట్టదు. అమెరికా పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి 70 డీబీల దగ్గర గీత ఎంత సమంగా ఉన్నా డప్పు అట్టముక్క మీద కొట్టినట్టే ఉంటుంది. డప్పును డప్పులా అనిపించాలంటే గీతను వంచాల్సిందే. ఉన్నది మార్చితే తప్ప ఉన్నట్టు అనిపించదు. నోట్‌బుక్‌లో మొదటి పేజీ మాట మీద ఆ రోజు గీత కొట్టాను.

దశ 7: రెండు సెట్టింగులు, నిమిషాల లెక్క (మే, జూన్)

బాగుందా అని అడిగితే ఇంట్లోవాళ్ళు నా మొహం చూసి బాగుందంటారు. అందుకే అడగడం మానేసి, బాపు ఎన్ని నిమిషాలు కూర్చున్నాడో రాసుకున్నాను.

- సెట్టింగు 1, వారం: 52 నిమిషాలు.
- బేస్ 8, పై స్వరాలు 6 డీబీలు పెంచింది: మొదటి రోజే 45, ఐదో రోజుకు 8. వారం మొత్తం 118.
- సెట్టింగు 2 (వివరం కింద ఉంది), వారం: 305.

మధ్యలోది చూడండి. మొదటి రోజు విని దాన్నే ఖాయం చేసుంటే మోసపోయేవాణ్ణి. కొత్తలో మెరిసేది ఐదో రోజుకు తల నొప్పి పుట్టించింది. వినసొంపును 10 నిమిషాల్లో కొలవకూడదు.

సెట్టింగు 2 ఇది: 100 హెర్ట్జ్ కింద 5 డీబీలు పైకి, 57 దగ్గర మాత్రం 7 కిందికి (ఇది బాపు మంచాన్నీ నా కుర్చీనీ కలిపి తీసిన సగటు), 3,000 దగ్గర 2.5 కిందికి, 1,000 నుంచి పైకి మెల్లగా వాలుతూ 10,000 దగ్గర 4 కిందికి. పాత పాటల్లో గొంతు ఆ 3,000 దగ్గరే గీరుకుపోతుంది.

జాగ్రత్త: రెండు సెట్టింగులను పోల్చేటప్పుడు మొదట్లో సెట్టింగు 2 శబ్దం 1.5 డీబీలు ఎక్కువ ఉండింది. కొంచెం గట్టిగా మోగేదే చెవికి బాగుందనిపిస్తుంది. పింక్ నాయిజ్ (అన్ని స్వరాలూ కలిసిన పరీక్ష శబ్దం) పెట్టి రెండిటినీ 0.2 డీబీల తేడాలోకి తెచ్చి మళ్ళీ వినిపించాను. బాపు సెట్టింగు 2 దగ్గరే ఉన్నాడు. అమ్మ జానపదాలకు సెట్టింగు 1 కావాలంది. డీఎస్పీ బోర్డుకు ఒక స్విచ్ తగిలించాను.

ఖర్చు: స్విచ్, వైరు 60. మొత్తం: ₹26,370

దశ 8: క్యాసెట్ (జులై)

ఒగ్గుకథ మాత్రం ఏ సెట్టింగులోనూ బాగాలేదు. దుప్పటి కప్పినట్టుంది. డీఎస్పీలో పై స్వరాలు ఎంత పెంచినా బుస్సుమనే శబ్దమే పెరిగింది. తప్పు స్పీకరుది కాదు, టేపును చదివే హెడ్ కోణానిది. రికార్డు చేసిన యంత్రం కోణం, ఇప్పుడు వాడే యంత్రం కోణం కలవకపోతే ముందుగా పోయేవి పై స్వరాలే.

1. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ ఇప్పుడున్న చోటును గోళ్ళరంగుతో గుర్తు పెట్టుకోవాలి.
2. రెండు చానళ్ళను కలిపి మోనోలో వినాలి.
3. పాట నడుస్తుండగా స్క్రూను వెంట్రుకవాసిగా అటూఇటూ తిప్పాలి. తాళాలు ఎక్కడ అన్నిటికంటే పదునుగా వినపడితే అక్కడ ఆపాలి.
4. వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పాత టేపును మాటిమాటికీ తిప్పకూడదు.

పావు చుట్టు కూడా తిప్పలేదు. డోలు వెనక తాళాలు విడిగా తేలాయి, జనం అరుపులు మాటలయ్యాయి. బాపు మంచం మీద, స్విచ్ రెండులో ఉంది. 19వ నిమిషంలో కథకుడు ఊపిరి తీసుకున్న సందులో, టేప్‌రికార్డర్‌కు బాగా దగ్గర్లో ఎవరో ఆడమనిషి ఏదో అంది. ముందెప్పుడూ వినపడనిది. బాపు లేచి కూర్చున్నాడు. "ఎనుకకు తిప్పు. ఇంకోదాంట్ల పెట్టు."

స్విచ్ ఒకటికి మార్చి మళ్ళీ పెట్టాను. "పిలగాన్ని జర పట్టుకో, బోనం దించుత."

వంటింట్లోంచి అమ్మ గరిటె చేతిలో పట్టుకునే వచ్చింది. "గది నేనే గదా" అంది. మూడుసార్లు పెట్టించుకుని విన్నారు. తర్వాత బాపు తనే లేచి స్విచ్‌ను రెండుకు మార్చుకుని ఆ వైపు మిగిలిన కథంతా విన్నాడు. ఆ రోజు లెక్క: 74 నిమిషాలు.

టేపు రెండో వైపు ఇంకా ఎక్కించాలి. దాని కోణం మళ్ళీ వేరేలా ఉంది, స్క్రూ కొత్తగా చూసుకోవాలి.